తర్వాతి మేనేజర్ ఎవరు? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే విషయం మీద ఉన్నాయి. క్లబ్బు తన మేనేజర్‌ను తీసేసినప్పుడు, లేదా ఆయనే వెళ్లిపోయినప్పుడు, ఆ కుర్చీలో ఎవరు కూర్చోవాలి? అర్ధరాత్రి దాటాక మొదలయ్యే చాంపియన్స్ లీగ్ మ్యాచ్ చివరిదాకా చూసి, పొద్దున్నే కాలేజీకో డ్యూటీకో పరుగెత్తేవాళ్లు రాసిన ఉత్తరాలివి. వాటిలో ప్రేమ ఉంది, కోపం ఉంది, మంచి ఆలోచన కూడా ఉంది. అందుకే మిగతా ప్రశ్నలను వచ్చే సంచికకు ఉంచి ఈ పేజీలన్నీ దీనికే ఇస్తున్నాను. కొత్త పాఠకుల కోసం ఒక మాట: నేను సికింద్రాబాద్‌లో పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పుతుంటాను. లివర్‌పూల్ అభిమానిని. అది దాచి జవాబులు రాయడం నాకు ఇష్టం లేదు.

ప్రశ్న: సర్, మేం ఏడుగురు ఫ్రెండ్స్‌మి, అందరం మాంచెస్టర్ యునైటెడ్ అభిమానులం. మేనేజర్ మార్పు మాట వచ్చిన ప్రతిసారీ మా వాట్సాప్ గ్రూపులో గొడవే. ముగ్గురు పెద్ద పేరున్న కోచ్ కావాలంటారు. ఇద్దరు యువ కోచ్‌ని తెచ్చి టైమ్ ఇవ్వాలంటారు. నేనూ ఇంకొకడూ క్లబ్బు పాత ఆటగాడే రావాలంటాం. మొన్న మాటా మాటా పెరిగి ఒకడు గ్రూపులోంచి వెళ్లిపోయాడు. మీరే తీర్పు చెప్పండి. (గుంటూరు నుంచి ఒక బీటెక్ విద్యార్థి)

జవాబు: ముందు ఆ వెళ్లిపోయిన స్నేహితుడికి ఫోన్ చేసి వెనక్కి పిలువు, బాబూ. తర్వాత ఏడుగురూ కలిసి ఒక విషయం గమనించండి. మీ మూడు పక్షాలు అడుగుతున్నవన్నీ యునైటెడ్ ఇప్పటికే చేసి చూసింది. పెద్ద పేరు కావాలంటే 2014లో లూయీ వాన్ హాల్ వచ్చాడు, 2016లో జోసె మొరీన్యో వచ్చాడు. పాత ఆటగాడు కావాలంటే ఓలె గునార్ సోల్‌షార్ వచ్చాడు. యువకుడు కావాలంటే 2024 నవంబరులో 39 ఏళ్ల రూబెన్ అమోరిమ్ వచ్చాడు. కప్పులు కొన్ని వచ్చాయి గానీ, 2013 తర్వాత వీళ్లలో ఎవరి చేతా లీగ్ టైటిల్ యునైటెడ్ సొంత మైదానం ఓల్డ్ ట్రాఫర్డ్‌కు రాలేదు. అమోరిమ్ వచ్చిన ఆ సీజన్‌లో జట్టు 15వ స్థానంలో నిలిచింది.

మరి వీళ్లంతా ఆట తెలియనివాళ్లా? కాదు. అందుకే ఎవరు రావాలన్న ప్రశ్నకంటే ముందు ఇంకో ప్రశ్న అడగాలంటాను. వచ్చినవాడికి అక్కడ ఏం మిగిలి ఉంది?

2013 వేసవిని గుర్తు చేసుకోండి. అలెక్స్ ఫెర్గూసన్ 1986 నుంచి నడిపిన క్లబ్బు అది, 13 లీగ్ టైటిళ్లు ఆయనవి. ఆయన దిగిపోయిన అదే వేసవిలో చీఫ్ ఎగ్జిక్యూటివ్ డేవిడ్ గిల్ కూడా తప్పుకున్నాడు. ఆటగాళ్లను కొనడంలో, ఏజెంట్లతో మాట్లాడడంలో ఆరితేరిన మనిషి ఆయన. ఇద్దరూ ఒకేసారి వెళ్లిపోయారు. గిల్ స్థానంలోకి వచ్చిన ఎడ్ వుడ్‌వార్డ్ వ్యాపార ఒప్పందాల మనిషి, ఆటగాళ్ల కొనుగోలు ఆయనకు కొత్త. ఇక ఫెర్గూసన్ స్వయంగా ఎంపిక చేసిన డేవిడ్ మోయెస్ ఎవర్టన్ నుంచి తన కోచ్‌లను వెంట తెచ్చుకున్నాడు. మైక్ ఫీలన్, రెనె మ్యూలెన్‌స్టీన్, గోల్‌కీపర్ల కోచ్ ఎరిక్ స్టీల్, ఆ ఏప్రిల్‌లోనే చాంపియన్లుగా తేలిన జట్టుకు రోజూ ప్రాక్టీస్ చేయించినవాళ్లు, అందరూ బయటికి వెళ్లారు. మేనేజర్, పాలకుడు, శిక్షకులు ఒకే వేసవిలో మారిపోతే క్లబ్బులో పాత పని తెలిసినవాళ్లు ఎవరు మిగిలినట్టు?

ఆ వేసవి ఆటగాళ్ల కొనుగోలు చూసినా అంతే. సెస్క్ ఫాబ్రెగాస్ కోసం తిరిగారు, రాలేదు. చివరికి గడువు ముగిసే రోజున మరువాన్ ఫెలాయినిని 2 కోట్ల 75 లక్షల పౌండ్లకు తెచ్చారు. అంతకంటే తక్కువ ధరకు అతన్ని తెచ్చుకోగలిగే అవకాశం అతని ఒప్పందంలోనే ఉండేది. దాని గడువు జూలై ఆఖరుతో దాటిపోయింది! మోయెస్‌కు ఆరేళ్ల ఒప్పందం ఇచ్చారు, పది నెలలకు, 2014 ఏప్రిల్ 22న తీసేశారు. అదే మోయెస్ 2023లో వెస్ట్ హామ్‌తో కాన్ఫరెన్స్ లీగ్ గెలిచాడు. మనిషి మారలేదు, చుట్టూ ఉన్న ఏర్పాటు మారింది.

ఆ తర్వాత జరిగింది నాకు ఇంకా బాధ కలిగిస్తుంది, ప్రత్యర్థి క్లబ్బు అభిమానిని అయినా సరే. వచ్చిన ప్రతి కోచ్‌దీ ఒక్కో రకం ఆట. బంతిని కాళ్ల దగ్గరే ఉంచుకుని నెమ్మదిగా కదిలించమన్నాడు వాన్ హాల్. వెనక గట్టిగా నిలబడి కొట్టమన్నాడు మొరీన్యో. ఎరిక్ టెన్ హాగ్ వచ్చి, తాను అయాక్స్‌లో నడిపిన ఆంటొనీ లాంటి వింగర్ల (మైదానం అంచుల వెంట దాడి చేసేవాళ్ల) మీద డబ్బు పెట్టించాడు. ఆ తర్వాత వచ్చిన అమోరిమ్ ముగ్గురు డిఫెండర్ల పద్ధతి వదలనన్నాడు, అందులో అచ్చమైన వింగర్‌కు చోటే తక్కువ. ఫలితం ఏమిటి? 2025 వేసవిలో గార్నాచో చెల్సీకి, ఆంటొనీ బెటిస్‌కు వెళ్లారు, రాష్‌ఫర్డ్ లోన్ మీద, అంటే తాత్కాలికంగా, బార్సిలోనాకు పోయాడు. ఒకరి కోసం కొన్నవాళ్లు తర్వాతివాడికి పనికిరాకపోవడం, వాళ్లను సగం ధరకు అమ్ముకోవడం, మళ్లీ కొనడం. ఒక చోట కోచ్ మారినప్పుడు ఆట తీరు కూడా తలకిందులైతే, కొత్త కోచ్ మొదటి రెండేళ్లు పాత సామాను సర్దడంతోనే సరిపోతుంది. మనవాళ్లు ఆ రెండేళ్లు ఇవ్వరు.

పెళ్లి సంబంధాల్లో అబ్బాయి చదువు, జీతం, అలవాట్లు అన్నీ ఆరా తీసి, అతను అడుగుపెట్టబోయే తమ ఇల్లు ఎలా ఉందో చూసుకోని పెద్దలు ఉంటారు. మేనేజర్ విషయంలో మనం చేసేది అదే.

నీ పక్షం గురించి కూడా చెప్పాలి కదా. పాత ఆటగాడు రావాలన్న కోరిక నాకు బాగా అర్థమవుతుంది. 1999లో బార్సిలోనా నగరంలో జరిగిన చాంపియన్స్ లీగ్ ఫైనల్ చివరి నిమిషాల్లో గోల్ కొట్టిన సోల్‌షార్ 2018 డిసెంబరులో తాత్కాలికంగా వచ్చినప్పుడు, స్టేడియంలో గాలే మారిపోయింది. 2019 మార్చి 6న పారిస్‌లో ఆఖరి క్షణపు పెనాల్టీతో 3-1 గెలిచిన రాత్రి, ఆయనకు ఉద్యోగం ఖాయం చేయాల్సిందేనని అభిమానులూ మాజీ ఆటగాళ్లూ ఒక్క గొంతుతో అన్నారు. మూడు వారాల తర్వాత క్లబ్బు అదే చేసింది. సీజన్ ముగిసేదాకా ఆగినా పోయేదేమీ లేదు, ఆయన ఎక్కడికీ పారిపోవడం లేదు. ఆగి ఉంటే ఆ ఏప్రిల్, మే నెలల్లో జట్టు ఎలా జారిపోయిందో చూసి నిర్ణయించేవారు. ఆయన జట్టును లీగ్‌లో రెండో స్థానందాకా తెచ్చిన మాట నిజం. 2021 యూరోపా లీగ్ ఫైనల్లో విల్లారియల్ చేతిలో పెనాల్టీల్లో 11-10 తేడాతో ఓడడం ఆయన దురదృష్టం. కానీ పాత జ్ఞాపకాలను చూసి ఒప్పందం రాయకూడదు.

ఇక తీర్పు. నా ఓటు యువ కోచ్ వైపే, ఒక షరతు మీద. ఆటగాళ్లను ఎంపిక చేసే డైరెక్టర్ ముందు కుదురుకోవాలి, మేం ఈ రకం ఆట ఆడతాం అని క్లబ్బు ముందే తేల్చుకోవాలి, ఆ ఆటకు సరిపోయే కోచ్‌నే పిలవాలి. అలా పిలిచాక ఓపిక పట్టాలి. ఫెర్గూసన్‌కు మొదటి కప్పు రావడానికి 1990 దాకా పట్టింది, మొదటి లీగ్ 1993లో వచ్చింది. 1989 చివర్లో ఆయన్ను పొమ్మంటూ ఓల్డ్ ట్రాఫర్డ్‌లోనే బ్యానర్ ఎగిరింది. ఆ రోజున ఓటింగ్ పెడితే ఆయన ఉండేవాడు కాదు.

ప్రశ్న: మన లివర్‌పూల్ నుంచి యుర్గెన్ క్లాప్ వెళ్తున్నానని చెప్పిన రోజు నేను ఏడ్చేశాను సర్. చాబి అలోన్సో వస్తే చాలు అనుకున్నాను. ఆర్నె స్లాట్ పేరు విన్నప్పుడు, ఎవరో తెలియని మనిషిని తెస్తున్నారని కోపం వచ్చింది. మరుసటి ఏడాదే లీగ్ గెలిచాం. ఆ తర్వాత 2025లో వరసగా ఓడినప్పుడు నా ఫ్రెండ్సే మళ్లీ కోచ్‌ని మార్చాలన్నారు. అసలు మా అభిమానులకు ఏమైనా తెలుసంటారా? (విశాఖపట్నం నుంచి ఒక బ్యాంకు ఉద్యోగిని)

జవాబు: ఏడవడంలో తప్పేం లేదమ్మా. 2024 జనవరి 26న క్లాప్ ఆ మాట చెప్పినప్పుడు నాకూ గొంతు పట్టుకుంది. 2015లో వచ్చి, 2019లో చాంపియన్స్ లీగ్, 2020లో ముప్పై ఏళ్ల ఎదురుచూపు తీర్చిన లీగ్ ఇచ్చిన మనిషి. అలోన్సోను కోరుకోవడంలో కూడా తప్పు లేదు. 2005 ఇస్తాంబుల్ చాంపియన్స్ లీగ్ ఫైనల్లో గోల్ కొట్టినవాడు, మన ఎర్ర చొక్కా వేసుకున్నవాడు, అప్పుడే లెవర్కూసెన్‌ను ఒక్క ఓటమి లేకుండా జర్మన్ లీగ్ విజేతగా నిలపబోతున్నవాడు. మనసుకు ఆయనే కనిపిస్తాడు. మార్చి 29న ఆయన అక్కడే ఉంటానని చెప్పేశాడు.

కానీ ఆ వసంతంలో క్లబ్బు లోపల జరిగింది చూడండి. ముందుగా మైకేల్ ఎడ్వర్డ్స్ వెనక్కి వచ్చాడు. సలా, వాన్ డైక్, ఆలిసన్ లాంటివాళ్లను తెచ్చిన రోజుల్లో కొనుగోళ్లు చూసిన మనిషి. ఆయన బోర్న్‌మౌత్ నుంచి రిచర్డ్ హ్యూస్‌ను స్పోర్టింగ్ డైరెక్టర్‌గా పిలిచాడు. ఆ ఇద్దరూ కుదురుకున్నాకే కోచ్ మాట. 2013లో మాంచెస్టర్‌లో జరిగినదానికి సరిగ్గా తిరగేసిన వరస ఇది. వాళ్లు వెతికింది పేరు కోసం కాదు. క్లాప్ వదిలి వెళ్తున్న జట్టుకు దగ్గరగా ఉండే ఆట ఎవరు ఆడిస్తున్నారు అని వెతికారు. ముందుకు వచ్చి ఒత్తిడి పెట్టే ఆట, చిన్న బడ్జెట్, ఆటగాళ్లను మెరుగుపరిచే అలవాటు. ఇవన్నీ ఫెయెనూర్డ్‌లో స్లాట్ దగ్గర ఉన్నాయి. 2023లో ఆయన అక్కడ డచ్ లీగ్ గెలిచాడు, 2024లో డచ్ కప్పు కూడా.

ఇందులో క్లాప్ గొప్పతనం కూడా ఉంది, అది చెప్పకపోతే అన్యాయం. వెళ్లే ముందు ఏడాదే ఆయన మిడ్‌ఫీల్డ్ మొత్తం కొత్తగా కట్టాడు. మెక్ అలిస్టర్, సొబోస్లాయ్, ఎండో, గ్రావెన్‌బెర్క్ అందరూ 2023 వేసవిలో వచ్చినవాళ్లే. వచ్చేవాడికి యువజట్టు అప్పగించి వెళ్లాడు. స్లాట్ వచ్చిన వేసవిలో కోరుకున్న మిడ్‌ఫీల్డర్ జుబిమెండి రానన్నాడు. మరొకణ్ణి కొనలేదు, ఉన్న గ్రావెన్‌బెర్క్‌నే డిఫెన్స్ ముందు నిలబెట్టి అతన్ని లీగ్‌లో మేటి ఆటగాళ్లలో ఒకడిగా చేశాడు. ఆ సీజన్‌లో ఆడడానికి వచ్చిన కొత్త మనిషి ఒక్క కియెసా మాత్రమే. సలా లీగ్‌లో 29 గోల్స్ కొట్టి, 18 గోల్స్‌కు పాస్ ఇచ్చాడు. 2025 ఏప్రిల్ 27న టాటెన్‌హామ్‌ను 5-1తో ఓడించి, ఇంకా నాలుగు మ్యాచ్‌లు మిగిలి ఉండగానే 20వ టైటిల్ అందుకున్నారు.

మీకు గుర్తుండే ఉంటుంది. 2024 మేలో తన ఆఖరి మ్యాచ్ రోజున క్లాప్ మైక్ పట్టుకుని స్లాట్ పేరు పాడించాడు. వచ్చేవాణ్ణి నాలాగే ప్రేమించండి అని జనానికి చెప్పడం అది. టైటిల్ గెలిచిన రోజున స్లాట్ అదే మైక్ పట్టుకుని క్లాప్ పేరు పాడాడు. ఆ దృశ్యం ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరదు.

లివర్‌పూల్‌కు ఇది కొత్త కాదు. 1974 జూలైలో బిల్ షాంక్లీ ఉన్నట్టుండి రాజీనామా చేసినప్పుడు నగరమంతా దిక్కుతోచనట్టయింది. ఆయన రెండో డివిజన్‌లో ఉన్న జట్టును 1959లో చేతిలోకి తీసుకుని మూడు లీగ్‌లు గెలిపించాడు. క్లబ్బు బయటికి చూడలేదు. పక్క గదిలో ఉన్న బాబ్ పెయిస్లీని అడిగింది. 1939 నుంచి ఆటగాడిగా, ఫిజియోగా, కోచ్‌గా అక్కడే ఉన్న మనిషి, ఈ పదవి తనకు వద్దన్న మనిషి. తొమ్మిది సీజన్లలో ఆరు లీగ్‌లు, మూడు యూరోపియన్ కప్పులు తెచ్చాడు. ఆయన తర్వాత అదే గదిలోంచి జో ఫేగన్ వచ్చి, మొదటి ఏడాదిలోనే లీగ్, లీగ్ కప్, యూరోపియన్ కప్ మూడూ గెలిచాడు. బూట్లు సర్దే ఆ గదిలో కూర్చుని కోచ్‌లు రోజూ ఆట గురించి మాట్లాడుకునేవాళ్లు. ఆ మాటలే క్లబ్బు ఆస్తి.

ఇక 2025 శరదృతువు. లీగ్‌లో వరసగా నాలుగు మ్యాచ్‌లు పోయాయి, అందులో ఒకటి మన సొంత మైదానం ఆన్‌ఫీల్డ్‌లో యునైటెడ్ చేతిలో. అంతకుముందు జూలైలో డియోగో జోటా కారు ప్రమాదంలో పోయాడు. తోటి ఆటగాణ్ణి పాతిపెట్టి వచ్చిన కుర్రవాళ్లు ఎప్పుడు మామూలు మనుషులవుతారో లెక్కగట్టగలవాళ్లు ఎవరు? దానికి తోడు అలెగ్జాండర్ ఆర్నల్డ్ మాడ్రిడ్‌కు వెళ్లాడు, విర్ట్స్, ఇసాక్ లాంటి కొత్తవాళ్లు చాలామంది ఒకేసారి వచ్చారు. మునుపటి ఏడాది స్లాట్‌కు కలిసొచ్చిన కుదురు ఈసారి లేదు. మీ ఫ్రెండ్స్ కోచ్ పేరు తీసేముందు ఈ సంగతి కూడా మాట్లాడితే బాగుండేది.

అభిమానులకు ఏమైనా తెలుసా అన్నారు. చాలా తెలుసు. ఆటలో ఏది మనది, ఏది కాదు అన్నది మనకే బాగా తెలుసు. అభ్యర్థి రోజువారీ ప్రాక్టీస్‌లో ఏం చేస్తాడో, గాయాలైనవాళ్లను ఎంత తొందరపెడతాడో, అవి మాత్రం బయటినుంచి కనపడవు.

ప్రశ్న: కొన్ని క్లబ్బులు మేనేజర్ అంటాయి, కొన్ని హెడ్ కోచ్ అంటాయి. రెండూ ఒకటేనా? ఒక కోచ్ ఇంకో క్లబ్బులో పని చేస్తుంటే ఎలా తెచ్చుకుంటారు? (కరీంనగర్)

జవాబు: ఒకటి కాదు. ఫెర్గూసన్ కాలపు మేనేజర్ ఎవర్ని కొనాలో, ఎవర్ని అమ్మాలో, కుర్రాళ్ల జట్టులో ఏం జరగాలో అన్నీ చూసుకునేవాడు. హెడ్ కోచ్ పని ప్రధానంగా మొదటి జట్టు శిక్షణ, మ్యాచ్. కొనుగోళ్లలో ఆయన మాట వింటారు, సంతకం స్పోర్టింగ్ డైరెక్టర్‌ది. క్లాప్ మేనేజర్, స్లాట్ హెడ్ కోచ్. యునైటెడ్‌లో టెన్ హాగ్ మేనేజర్, అమోరిమ్ హెడ్ కోచ్. ఒప్పందంలో ఉన్న కోచ్‌ను తెచ్చుకోవాలంటే పాత క్లబ్బుకు పరిహారం కట్టాలి. అమోరిమ్ కోసం యునైటెడ్ స్పోర్టింగ్ లిస్బన్‌కు కోటీ పది లక్షల యూరోలు ఇచ్చింది. సీజన్ మధ్యలో, నోటీసు కాలం కూడా పూర్తి కాకుండా తెచ్చుకోవడంతో కొంత అదనం పడింది.

ప్రశ్న: అభిమానులు ఇంత వాదించుకుంటారు కదా, క్లబ్బులు ఎప్పుడైనా వింటాయా? (నిజామాబాద్ నుంచి ఒక స్కూల్ టీచర్)

జవాబు: వింటాయండీ, ముఖ్యంగా మనం వద్దన్నప్పుడు. 2021 జూన్‌లో టాటెన్‌హామ్ యాజమాన్యం గెన్నారో గట్టూసోతో మాట్లాడుతోందని తెలియగానే, ఆయన గతంలో అన్న కొన్ని మాటల మీద అభిమానులు సోషల్ మీడియాలో గట్టిగా నిలబడ్డారు. ఆ చర్చలు అక్కడితో ఆగిపోయాయి. అదే వేసవి ఎవర్టన్ మాత్రం వినలేదు. పక్క క్లబ్బు లివర్‌పూల్‌కు చాంపియన్స్ లీగ్ తెచ్చిన రఫా బెనీతెస్‌ను తెచ్చింది. ఒకప్పుడు ఎవర్టన్‌ను చిన్న క్లబ్బు అన్నాడని జనానికి ఆయన మీద కోపం. మొదట్లో గెలుస్తున్నంతకాలం ఓర్చుకున్నారు. ఓటములు మొదలయ్యాక ఆయన వెనక నిలబడేవాడు ఒక్కడూ లేడు. 2022 జనవరిలో పంపించేశారు. ఓడిపోయినప్పుడు కోచ్‌కు కావలసింది జనం ఓపిక. అది మొదటినుంచీ లేనిచోటికి మంచి కోచ్‌ను తేవడం కూడా ఆ కోచ్‌కు చేసే అన్యాయమే.

కోరి తెచ్చుకున్నదానికీ ఉదాహరణ ఉంది. 2010లో లివర్‌పూల్‌కు రాయ్ హాడ్జ్‌సన్ వచ్చాడు. స్టాండ్స్ లోంచి క్లబ్బు పాత ఆటగాడు, మాజీ మేనేజర్ కెనీ డాల్గ్లీష్ పేరు వినిపించడం మొదలైంది. 2011 జనవరిలో డాల్గ్లీష్ వచ్చాడు. 2012లో లీగ్ కప్ గెలిచాడు, లీగ్‌లో ఎనిమిదో స్థానం, ఆ వేసవిలోనే పంపించేశారు. ఆయన రాకతో క్లబ్బుకు పోయిన గౌరవం తిరిగొచ్చిందని నా నమ్మకం. లెక్కల పట్టికలో అది కనిపించదు.

స్పెయిన్‌లో మరో దారి ఉంది. బార్సిలోనా సభ్యులు అధ్యక్షుణ్ణి ఓటు వేసి ఎన్నుకుంటారు, అందుకే అక్కడ కోచ్ పేరు ఎన్నికల హామీ అవుతుంది. 2021 మార్చి ఎన్నికల్లో విక్తోర్ ఫోంట్ క్లబ్బు పాత ఆటగాడు చావిని కోచ్‌గా తెస్తానంటూ ప్రచారం చేసి, జోన్ లాపోర్తా చేతిలో ఓడిపోయాడు. ఆ నవంబరులో చావిని తెచ్చింది లాపోర్తానే! ఓటు ఒకరికి వేశారు, రెండోవాడు చెప్పిన కోచ్ వచ్చాడు. ఇంగ్లండ్ అభిమానికి ఆ ఓటు కూడా లేదు, టికెట్ కొని అరవడమే.

ప్రశ్న: ఎప్పుడూ ఇంగ్లండ్ క్లబ్బుల గురించేనా సర్? మన హైదరాబాద్‌లో ఈ చర్చ ఎందుకు లేదు? (హైదరాబాద్, బార్కస్ నుంచి ఒక విశ్రాంత ఉద్యోగి)

జవాబు: అన్నా, మీరు అడగాల్సిన ప్రశ్నే అడిగారు. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్పు గెలిచిన హైదరాబాద్ పోలీసు జట్టు వెనక ఉన్నది సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్. 1951, 1962 ఆసియా క్రీడల స్వర్ణాలు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, అన్నీ ఆయన శిక్షణలోనే. 1962 జకార్తా ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించేనాటికే ఆయనకు క్యాన్సర్. 1963 జూన్‌లో పోయారు. ఆ తర్వాత ఎవరు అన్న ప్రశ్న మన దేశానికి కూడా వచ్చింది. కొన్నాళ్లు ఆయన తీర్చిదిద్దిన తరమే జట్టును నడిపింది. 1964 ఆసియా కప్‌లో రెండో స్థానం వచ్చింది, మన హైదరాబాదీ సయ్యద్ నయీముద్దీన్ కెప్టెన్సీలో 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం వచ్చింది. తర్వాత ఊట ఎండిపోయింది. ఆ పద్ధతిని కాపాడే వ్యవస్థ కట్టలేదు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్లో పురుషులకు మళ్లీ స్వర్ణం రాలేదు.

మన కాలంలో హైదరాబాద్ ఎఫ్‌సీ ఆశ చూపించింది. మనోలో మార్కెస్ కోచ్‌గా 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్ మీద పెనాల్టీల్లో ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) గెలిచింది. గోల్‌కీపర్ కట్టిమని మూడు ఆపాడు. గచ్చిబౌలిలో ఆ జట్టు ఆట చూసి ఆనందపడనివాళ్లు ఎవరు? 2023లో మార్కెస్ గోవా క్లబ్బుకు వెళ్లిపోయాడు. అప్పుడు మనవాళ్లు కూడా తర్వాతి కోచ్ ఎవరని మాట్లాడుకున్నారు. కానీ డబ్బు ఇబ్బందులు ముదిరి ఆటగాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు, మరుసటి సీజన్ జట్టు అట్టడుగున మిగిలింది. 2025లో ఆ క్లబ్బు ఢిల్లీకి తరలిపోయింది. కోచ్ గురించి వాదించుకోవాలంటే ముందు ఊళ్లో క్లబ్బు ఉండాలి కదన్నా. మీ బార్కస్ మైదానంలో ఇప్పటికీ సాయంత్రం పిల్లలు ఆడుతున్నారంటే, అక్కడి సీనియర్లతో నేను మాట్లాడాలి. వీలైతే చిరునామా పంపండి.

ప్రశ్న: నేను మా కాలేజీ అమ్మాయిల జట్టులో మిడ్‌ఫీల్డర్‌ని. మీరంతా మగవాళ్ల క్లబ్బుల గురించే రాస్తారు. కోచ్ అవ్వాలని నా కోరిక. ఎక్కడ మొదలుపెట్టాలి? (అనంతపురం)

జవాబు: నువ్వన్నది నిజం తల్లీ, ఈ చర్చకు అతి మంచి ఉదాహరణ మహిళల ఆటలోనే ఉంది. చెల్సీ మహిళల జట్టును 2012 నుంచి ఎమ్మా హేస్ నడిపింది. చివరి ఐదు సీజన్లూ వరసగా లీగ్ గెలిచి, 2024లో అమెరికా జట్టుకు వెళ్లింది. అదే వేసవి పారిస్ ఒలింపిక్స్‌లో అమెరికాకు స్వర్ణం తెచ్చింది. చెల్సీలో ఆమె జాగా నింపడం ఎవరివల్లా కాదన్నారు. లియోన్ నుంచి సోనియా బొంపాస్టర్ వచ్చింది. మొదటి సీజన్‌లోనే ఒక్క ఓటమి లేకుండా లీగ్, దానితోపాటు ఎఫ్ఏ కప్, లీగ్ కప్. లియోన్‌లో ఆమె ఆటగాళ్లూ గొప్పవాళ్లే, చెల్సీలో కూడా హేస్ కూడబెట్టిన జట్టు చెక్కుచెదరకుండా ఉంది. ఆ జట్టును పాడుచేయకుండా తన పద్ధతి కలపడం ఆమె నైపుణ్యం.

ఇక నీ కోరిక. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య డి లైసెన్సు కోర్సు మొదటి మెట్టు. ఆ తర్వాత ఆసియా సమాఖ్య సి, బి, ఎ, చివర ప్రో. కోర్సు తేదీలు రాష్ట్ర సంఘం ప్రకటిస్తుంది, మీ పీఈటీ మేడమ్‌ను కనుక్కోమను. ఈలోపు ఆడడం ఆపకు. మీ కాలేజీ ఎదుట ఉన్న స్కూల్ పిల్లలను పోగుచేసి వారానికి రెండు సాయంత్రాలు ఆడించు. ఒక నోట్‌బుక్ పెట్టుకుని, ఏ ఆట నేర్పావో, ఎవరికి ఏది రాలేదో రాసిపెట్టు. లైసెన్సు కోర్సులో బోధన పరీక్ష ఉంటుంది, పది మంది పిల్లల ముందు నిలబడి మాట్లాడిన అలవాటు అక్కడ బాగా పనికొస్తుంది. కోర్సులో చేరాక మళ్లీ ఉత్తరం రాయి.